కుందేలు బొచ్చు జలగలు

సందు మలుపులో బట్టలు కుట్టే దర్జీనైన నేను, చూపూ జ్ఞాపకమూ సరిగా ఉండగానే, ఎవరి ఒత్తిడీ లేకుండా, నా తదనంతరం నా సొత్తు ఎవరికి ఎలా చెందాలో రాసి ఉంచుతున్నాను. దీన్ని అమలు జరిపే బాధ్యత మందుల షాపు ఆయనది. డాక్టర్ల రాత చదివే మనిషికి నా రాత ఒక లెక్క కాదు.

1. ఇల్లు, కుట్టుమిషను సర్వహక్కులతో నా కూతురికి చెందవలెను. అది బస్సు నడుపుతుంది. మిషను అమ్ముకున్నా నాకు అభ్యంతరం లేదు. సూదిలో దారం ఎక్కించే ఓపిక దానికి ఏనాడూ లేదు.

2. గాలపు ముళ్ళు, వాటిని బిగించి పట్టే చిన్న వైసు, సీసపు తీగ నా అల్లుడికి. బల్ల మీద నేను చేపల ఎరగా కట్టిన బొచ్చు జలగను మొదటిసారి చూసి, నిజం జలగే అనుకుని కుర్చీ ఎక్కిన మనిషి. ఇప్పుడు నాకన్నా నున్నగా కడుతున్నాడు.

ఆ జలగలు ఎలా పుట్టాయో ఇక్కడే చెప్పాలి. మా ఆయనకు చెరువులో గాలం వేయడమంటే ప్రాణం. చేతులు వణకడం మొదలయ్యాక ముల్లుకు ఎర కట్టుకోలేకపోయారు. ఒకరోజు ముల్లు విసిరికొట్టి, “ఇక చాల్లే, నా పనైపోయింది” అన్నారు. ఎవరిదో కోటు కాలరు సరిచేయగా మిగిలిన కుందేలు బొచ్చు తోలు ముక్క నా ఒళ్ళో ఉంది. సన్నటి పేలికగా కోసి, ముల్లు వెనక తోకలా వదిలి, తలవైపు సీసపు తీగ చుట్టి దారంతో బిగించాను. పొడిగా ఉన్నప్పుడు ఎలుకపిల్లలా ఉంది. బకెట్లో ముంచితే జలగై ఈదింది.

3. ఎర్రజలగ ఒకటి, నా ఉన్ని శాలువా నా ఆడపడుచుకు. పెళ్ళైన కొత్తలో “మా అన్నను జలగలా పట్టుకుంది” అన్న మాట నేను మరిచిపోలేదు. మా ఆయన మంచాన పడ్డప్పుడు ఉద్యోగానికి సెలవు పెట్టి వచ్చి, నన్ను పడుకోమని, ఆయనకు తనే ఒళ్ళు తుడిచింది. అదీ మరిచిపోలేదు.

4. పడవ నా కూతురికి, కింది షరతుకు లోబడి. గడియారాలు బాగుచేసే ఆయన, మా ఆయన చిన్ననాటి నుంచి ఒకే పడవలో వెళ్ళేవారు. నేను అన్నయ్యా అని పిలిచేదాన్ని. మా ఆయన చేతులు వణకడం చూసి ఆ అన్నయ్యే, “నువ్వు నీళ్ళలో పడితే ఇంట్లోవాళ్ళకి నేనేం చెప్పను? ఇక రాకు” అన్నాడు. అప్పుడు నేను రెండో మిషను అమ్మి ఈ పడవ కొన్నాను, తెడ్డు వేయడం నేర్చుకున్నాను. మొదటి రోజు చెరువులో జలగ మునిగాక మా ఆయన దారాన్ని మెల్లగా లాగారు. వేళ్ళ వణుకు దారం వెంట దిగి బొచ్చుకు ప్రాణం పోసింది. చేప పడింది. “ఈ చెయ్యి నన్నూ ఊరుకోనివ్వదు, జలగనీ ఊరుకోనివ్వదు” అని నవ్వారు. పక్క పడవలోంచి గడియారాల ఆయన చూసి, ముఖం తిప్పుకున్నాడు.

మా ఆయన పోయాక గడియారాల ఆయన మా గుమ్మంలో నిలబడ్డాడు. “పడతాడని కాదు చెల్లెమ్మా. ఆ చేతులు చూడలేక రావద్దన్నాను” అన్నాడు. నేను మిషను ఆపలేదు. వెళ్ళిపోయాడు. ఇప్పుడాయనకు కళ్ళు ఆనడం లేదు, కొట్టు మూసేశాడు. పూర్తిగా క్షమించానని వీలునామాలో అబద్ధం రాయలేను.

5. డబ్బాలోని నల్లజలగలన్నీ గడియారాల ఆయనకు చెందవలెను. వాటికి చూపు అక్కర్లేదు, దారం మీద వేలుంటే చాలు. ఆయన బతికున్నంతకాలం, అడిగినప్పుడల్లా నా కూతురు పడవలో తీసుకెళ్ళవలెను. అమ్మా, బస్సులా తోలకు. నాచు అంచున ఆపి, మాట్లాడకుండా కూర్చో. చేప తగిలిందని, లాగమని నువ్వు చెప్పకు. ఆయనకే తెలుస్తుంది.

ఇందులోని ప్రతి మాటా నాదేనని ఒప్పుకుంటూ, అక్టోబరు పన్నెండో తారీఖున,

(సంతకం)
సందు మలుపు దర్జీ

సాక్షులు:
ఎదురింటి టీచరమ్మ
ఇస్త్రీ బండి ఆయన