బొడ్డెమ్మను ముట్టని చేతులు

మెదక్,
28 ఆగస్టు 2011

ప్రియమైన చంద్రికకు,

అమ్మమ్మ ఐలవ్వ ముద్దులు. ఎప్పుడు ఫోన్ చేసినా మీ నాన్న రఘుపతే ఎత్తి, "పోరి లేదు, పొలం కాడికి పోయింది" అంటాడు. నువ్వు రాత్రీ పగలూ పొలంలోనే ఉంటావా ఏమిటే? అందుకే ఈ ఉత్తరం. బాల్వాడీలో ఆయాగా ఎంతమంది పిల్లలచేత అక్షరాలు దిద్దించిన చేయి ఇది! ఇంకా వణకడం లేదులే.

పెద్దలకు బియ్యమిచ్చే పెత్రమాస దగ్గర పడుతోంది. బొడ్డెమ్మ కోసం పుట్టమన్ను తెప్పించి గోనెసంచిలో పోసి ఉంచాను. నిరుడు నువ్వు చేసిన బొడ్డెమ్మ మూడో అంతస్తు పక్కకు ఒరిగితే, నేను పీట మీద కూర్చుని "నీళ్లు ఎక్కువైనయే, పొడిమన్ను అద్దు" అని అరిచాను. నువ్వు నవ్వు ఆపుకోలేకపోయావు. ఏం చేయను? బతుకమ్మకు ముందు వచ్చే కన్నెపిల్లల పండుగ అది. పెండ్లయిన చేయి ఆ మన్నును ముట్టకూడదన్నది మన ఇంటి కట్టుబాటు. మా అమ్మమ్మ నోటితో చెబితే నా చేతులు చేశాయి. ఇప్పుడు నోరు నాది, చేతులు నీవి. నువ్వు రాకపోతే నా ఇంట్లో బొడ్డెమ్మ లేనట్టే. వచ్చేటప్పుడు తొమ్మిదో తరగతి పుస్తకాలు కూడా తెచ్చుకో.

పుట్టమన్నుకు కాపలా కూర్చున్న
మీ అమ్మమ్మ


రేగోడ్,
9 సెప్టెంబరు 2011

ప్రియమైన అమ్మమ్మకు,

చంద్రిక నమస్కారాలు. ఈ ఉత్తరం నాన్న చదివాకే డబ్బాలో పడుతుంది. అందుకని అక్షరాలు గుండ్రంగా రాస్తున్నాను.

ఇక్కడ అందరం బాగున్నాం. వానలు సరిగ్గా లేక పెసర ఎండిపోయింది. దసరా పోయాక అమ్మానాన్నలు చెరుకు కొట్టడానికి వలస పోతారట. నన్ను మాత్రం తీసుకుపోరట. "ఎదిగిన పోరిని గుడిసెలల్ల ఎట్ల ఉంచుకుంటం?" అని అమ్మ అంటోంది. మొన్న ఎల్దుర్తి నుంచి ఎవరో వచ్చి చాయ్ తాగి పోయారు. నన్ను మంచినీళ్లు తెమ్మన్నారు. వాళ్లు పోయాక అమ్మ నాకు కొత్త గాజులు తొడిగింది. నా బడిసంచి అటక మీద ఉంది.

అమ్మమ్మా, బొడ్డెమ్మను ఈ ఏడే చేయాలి. నా చేతులు కావాలని నాన్నకు గట్టిగా రాయి. లేకపోతే నువ్వే వచ్చి తీసుకుపో. ఇంకో మాట. పెండ్లయిన చేయి ఆ మన్నును ముడితే ఏమవుతుంది?

నీ జవాబు కోసం చూస్తూ,
చంద్రిక


మెదక్,
21 సెప్టెంబరు 2011

ప్రియమైన చంద్రికకు,

నీ ఉత్తరం నిన్ననే అందింది. సకల జనుల సమ్మెకు బస్సులు ఆగాయి, బడులు ఆఫీసులు మూతపడ్డాయి, టపా కూడా ఎప్పుడొస్తుందో తెలియదు. నేనే బయలుదేరుదామంటే పక్కింటి రాంచందర్ "గీ బందుల యాడికి పోతవే అవ్వా? పోరి యాడికి పోతది, వచ్చే యేడు వస్తది తియ్యి" అన్నాడు. నాకూ నిజమే అనిపించింది.

చాయ్ తాగి పోయినవాళ్ల గురించి దిగులెందుకు? ఆడపిల్ల ఉన్న ఇంటికి నలుగురూ వస్తారు, పోతారు. పద్నాలుగేళ్ల పిల్లను ఇప్పుడే ఎవరిస్తారు! వాళ్లు చెరుకు కొట్టడానికి పోతే నువ్వు నా దగ్గరే ఉండి చదువుకుందువు. దసరా పోయాక మీ నాన్నతో నేను మాట్లాడతాను.

పెండ్లయిన చేయి ముడితే బొడ్డెమ్మ పగులుతుందని మా అమ్మమ్మ అనేది. ఎవరూ ముట్టి చూసింది లేదు. నీకా చింత ఇప్పుడెందుకే పిచ్చిదానా? సమ్మె శిబిరంలో కూర్చున్న ఆడవాళ్లు "వచ్చే యేటికి తెలంగాణ వస్తది, బొడ్డెమ్మను సడక్ మీదనే ఆడుదాం" అంటున్నారు. అప్పటిదాకా నీ చేతులు భద్రంగా దాచి ఉంచు.

వచ్చే ఏటి మీద ఆశతో,
మీ అమ్మమ్మ


ఎల్దుర్తి,
9 అక్టోబరు 2012

ప్రియమైన అమ్మమ్మకు,

ఏడాదిగా నీ ఉత్తరాలకు జవాబు రాయలేదు. కోపంతోనే రాయలేదు.

దసరా నాడు పెండ్లికి ముహూర్తం చూడనక్కరలేదన్నారు. బడి మూత, ఆఫీసు మూత. ఆపుదామన్నా ఏ సారూ లేడు. బస్సులు తిరిగాక నువ్వు రేగోడ్ వచ్చి, నాన్నను తిట్టి, గడపలో కూర్చుని ఏడ్చావని అమ్మ చెప్పింది. అప్పటికే నన్ను ఇక్కడికి పంపించేశారు.

ఎండకాలంలో నాకు కడుపు పోయింది. దవాఖానలో నర్సమ్మ "గీ పోరికి ఎన్నేండ్లు?" అని అడిగితే, మా అత్త "పందొమ్మిది" అంది. నేను కాదనలేదు. ఇప్పటికీ బిందె ఎత్తితే నడుము పట్టేస్తుంది.

నిన్న ఇక్కడ బొడ్డెమ్మ చేశాం. మా ఆడబిడ్డ నాకంటే రెండేళ్లు పెద్ద, ఇంటర్ చదువుతోంది. మన్ను ఆమె కలిపింది. నేను పీట మీద కూర్చుని, నీళ్లు ఎక్కువైనయి, పొడిమన్ను అద్దు అని చెప్పాను. "వదినె, నాకన్న చిన్నదానివి, నువ్వు ముట్టవేందే?" అని అడిగింది. నేను చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. అచ్చం నీలాగే.

అమ్మమ్మా, నిరుడు నేను అడిగింది ప్రశ్న కాదు. నిన్ను పిలిచాను. నువ్వు జవాబు రాశావు.

చంద్రిక


మెదక్,
13 అక్టోబరు 2012

ప్రియమైన నా తల్లీ, చంద్రికా,

నీ ఉత్తరం చదివిన రోజు బువ్వ ముట్టలేదు. వచ్చే ఏడు, వచ్చే ఏడు అనుకున్నాను. రాష్ట్రమూ రాలేదు, నువ్వూ రాలేదు.

నిరుటి పుట్టమన్ను గోనెసంచిలోనే గడ్డకట్టి ఉంది. దాన్ని దంచి, నానబెట్టి, నా చేతులతోనే కలిపాను. పెండ్లయిన నాటి నుంచి ముట్టని మన్ను. నాలుగంతస్తులూ వంకరగానే నిలబడ్డాయి. ఎదురింటి యాదవ్వ చూసి, "ఓ ఐలవ్వా, నువ్వు చెయ్యి పెట్టినవా! పగులుతదే!" అని నోటి మీద చెయ్యి వేసుకుంది. పగలనీ అన్నాను. పొద్దున్నే ఎర్ర జాజు పూద్దామని చూస్తే ఆరిపోయి ఉంది. వెంట్రుకంత బీట కూడా లేదు.

బిడ్డా, పీట మీద కూర్చుని చెప్పడమే పెద్దరికం అనుకున్నాను. నువ్వు పిలిచినప్పుడు కూడా కూర్చునే ఉన్నాను. లేచి రావలసింది. నడిచైనా రావలసింది.

మీ అత్తవాళ్లు నిన్ను సులభంగా పంపరని తెలుసు. పండుగ పేరు చెప్పి అడగను. పిల్ల ఒళ్లు బాగాలేదు, నా దగ్గర ఉంచుకుని బడికి పంపుతానని అడుగుతాను. కాదంటే వాళ్ల వాకిట్లోనే కూర్చుంటాను. నా బొడ్డెమ్మకు పైన ఐదో అంతస్తు పెట్టకుండా వదిలేశాను. అది నువ్వు పెట్టాలి.

ఈ ఉత్తరం టపాలో వేయడం లేదు. రవికలో పెట్టుకుని మొదటి బస్సుకు బయలుదేరుతున్నాను. నీ చేతికే ఇస్తాను.

మన్ను చేతులతో,
మీ అమ్మమ్మ