ముప్పై ఒక్క ఇన్‌హేలర్లు

మార్చి 4, శనివారం

డ్రిల్ వీకెండ్. నెలకో శని, ఆదివారాలు నేను గార్డ్ యూనిట్ మనిషిని, అంటే పార్ట్‌టైం వైమానిక సైనికురాలిని. మిగతా రోజుల్లో ధాన్యం ఎలివేటర్‌లో, అంటే ధాన్యం నిలవచేసే గోదాములో, లారీలు తూచే మనిషిని. పదకొండేళ్లుగా ఇదే వరస. యూనిఫాం వేసుకున్న రోజున కూడా విమానం కడుపు కింద వెల్లకిలా పడుకుని హైడ్రాలిక్ నూనె మొహాన పోయించుకోవడమే నా ఉద్యోగం. మెకానిక్‌ని.

ఇవాళ మొదటిసారి విమానాల షెడ్డు, మా హ్యాంగర్ దాటి పైలట్ల గదిలోకి వెళ్లాను. చేతిలో రెండు డజన్ల డోనట్లు. మా యూనిట్‌లో పైలట్ కావాలంటే దరఖాస్తు పెడితే సరిపోదు. నెలల తరబడి వాళ్ల గదిలో తచ్చాడాలి, కాఫీ కలపాలి, పాచిపోయిన జోకులకు కొత్తగా నవ్వాలి. మన మొహం వాళ్లకు అలవాటు కావాలి. ఏడాదికి ఒక్కటే సీటు. ఎంచేదీ వాళ్లే, శిక్షణకు పంపేదీ వాళ్లే, తిరిగొచ్చాక ఇరవై ఏళ్లు పక్క సీట్లో భరించేదీ వాళ్లే. పెళ్లిచూపులే అనుకోవచ్చు. నా వయసు ముప్పై ఒకటి. ముప్పై మూడు దాటితే తలుపు మూసేస్తారు.

సీట్లకు మనుషుల్ని ఎంచే పెద్ద మేజర్ హౌగెన్. డోనట్ నములుతూ, నువ్వు పైకి వచ్చేస్తే మా విమానాలు ఎవరు బాగుచేస్తారని అడిగాడు. నాకంటే బాగా చేసేవాళ్లు ఇద్దరున్నారు, కానీ వాళ్లకి డోనట్లు తేవడం రాదన్నాను. నవ్వాడు. చాలు ఇవాళ్టికి.

మార్చి 5

కర్ట్‌కి చెప్పాను. కర్ట్ మా అన్న, నాకంటే మూడేళ్లు పెద్ద. మా ఊరి స్కూలు బస్సు నడుపుతాడు. నవ్వాడు, నవ్వుతోపాటు దగ్గూ వచ్చింది, వాడి ఉబ్బసం అంతే. జేబులోంచి ఇన్‌హేలర్ తీసి రెండు పీల్పులు పీల్చి, "పైలటమ్మా, నీ విమానంలో కిటికీ తీసుకోవచ్చా? నాకు గాలాడదు" అన్నాడు.

ఏప్రిల్ 22

ఇంటర్వ్యూ. పొడవాటి బల్లకి అవతల ఆరుగురు, ఇవతల నేను, ఇస్త్రీ మడత చెదరకుండా కూర్చోలేక చస్తూ.

నువ్వు చేసిన తప్పొకటి చెప్పమన్నారు. ఒకసారి ఇంజిన్ దగ్గర పానా ఒకటి పోగొట్టాను, వెతికినా దొరకలేదు, విమానం బయల్దేరడానికి గంట ముందు వెళ్లి ఒప్పుకున్నాను, ప్రయాణం ఆగిపోయింది, నెల రోజులు అందరూ నన్ను తిట్టారు. అది చెప్పాను. ఆరు తలలూ ఊగాయి. తిట్లు తిన్నా సరే, నిజం చెప్పేవాళ్లే మాకు కావాలన్నాడు మేజర్. ఇక్కడ అబద్ధం చెప్పేవాడు పక్కవాణ్ణి కూడా చంపుతాడన్నాడు.

ఇంటికొచ్చి రెండు గంటలు చొక్కా కూడా మార్చకుండా కూర్చున్నాను.

ఏప్రిల్ 25

ధాన్యం ఎలివేటర్‌లో డ్యూటీలో ఉండగా మా యూనిట్ పెద్ద కల్నల్ గారి నుంచి ఫోన్. చెప్పడానికి బాధగా ఉందన్నారు. బోర్డు చాలాసేపు ఆలోచించిందన్నారు. నా పనిముట్ల పెట్టె వచ్చే డ్రిల్‌కి అప్పగించెయ్యాలన్నారు. చేతిలో ఉన్న తూకం చీటీ కింద పెట్టేశాను. అప్పుడన్నారు, ఎందుకంటే పైలట్లకి పానాలతో పనుండదు కదా అని. వెనకాల పది గొంతులు ఒక్కసారి గోలచేశాయి. సీటు ఇచ్చిన ప్రతివాడినీ ఇలాగే ఏడిపించి చెబుతారు, నాకు ముందే తెలుసు, అయినా ఏడ్చాను.

సాయంత్రం కర్ట్ పిల్లల్ని దింపేసి, ఖాళీ బస్సు మా వాకిట్లో ఆపి, వీధంతా వినపడేలా మూడుసార్లు హారన్ కొట్టాడు. అమ్మ బంగాళాదుంప బిళ్లలు పరిచి టేటర్ టాట్ హాట్‌డిష్ చేసింది. ముగ్గురం గిన్నె ఖాళీ చేశాం.

జూన్ 14

ఒహాయోలో వైద్య పరీక్షలు, రెండు రోజులు. కళ్లు, చెవులు, గుండె, వెన్ను, కూర్చుంటే ఎంత ఎత్తు, తొడ ఎంత పొడవు. గొట్టంలోకి ఊదించి, ఊపిరితిత్తులు భేషుగ్గా ఉన్నాయన్నారు.

జూలై 8, శనివారం

మేజర్ పిలిచి తలుపు వేశాడు. చెప్పడానికి బాధగా ఉందన్నాడు. నేను నవ్వు కోసం ఎదురుచూశాను. తలుపు అవతల ఎవరూ లేరు.

నా పాత వైద్య రికార్డులన్నీ ఇప్పుడు ఒక్కచోటకు వస్తాయట, బయటి మందుల షాపులవి కూడా. అందులో నాకు ఇరవై మూడు నుంచి ఇరవై ఆరు ఏళ్ల దాకా ఉబ్బసం. ముప్పై ఒక్క ఇన్‌హేలర్లు. ఫారంలో ఉబ్బసం ఉందా అన్నచోట నేను లేదని రాశాను. ఏదో పొరపాటు జరిగుంటుంది, రెండు వారాల్లో కాగితం పట్టుకురా అన్నాడు మేజర్. పాపం, మనసా వాచా నమ్ముతున్నాడు.

పొరపాటు కాదు. రాసుకుంటాను, చదివేదెవరు గనక.

అమ్మకి ఆసుపత్రి లాండ్రీలో ఉద్యోగం. ఆవిడ ఇన్సూరెన్స్‌లో పిల్లలకి ఇరవై ఆరు నిండేదాకానే చోటు. కర్ట్‌కి ఇరవై ఆరు నిండిన నెలలోనే వాడి పేరు తీసేశారు. అప్పుడు వాడు ఇళ్ల పైకప్పులు వేసే పనిలో ఉండేవాడు, ఆ పనికి ఇన్సూరెన్స్ లేదు, అది లేకుండా ఇన్‌హేలర్ కొనేంత జీతమూ లేదు. ఆ జనవరిలో ఒక మధ్యాహ్నం వంటింట్లో వాడి పెదాలు నీలంగా మారాయి. మర్నాడు నేను ఊళ్లో క్లినిక్‌కి వెళ్లి, పార్కింగ్‌లో మంచుగాలి మింగుతూ నాలుగు చుట్లు పరుగెత్తి, లోపలికెళ్లి డాక్టరు ముందు దగ్గాను. బాగా దగ్గాను. చిన్నప్పటి నుంచీ వింటున్న దగ్గే కదా, అచ్చు దిగింది. అమ్మ ఇన్సూరెన్స్‌లో ఇంకా ఉన్న నా పేరున డాక్టరు ఇన్‌హేలర్ రాశాడు. తర్వాత నెల నెలా ఫోన్ చేస్తే మళ్లీ రాసేవాడు, కర్ట్ మందుల షాపుకి వెళ్లి నా పుట్టినతేదీ చెప్పి తెచ్చుకునేవాడు. నాకూ ఇరవై ఆరు నిండేదాకా ఇదే జరిగింది. ఆ పాటికి వాడికి స్కూలు బస్సు దొరికింది, దానితో సొంత ఇన్సూరెన్స్ వచ్చింది. మేం ఆ సంగతే మర్చిపోయాం.

ఆ మూడేళ్లూ నేను యూనిఫాంలోనే ఉన్నాను, ఏ జబ్బున్నా యూనిట్‌కి చెప్పి తీరాల్సిన యూనిఫాంలో.

ఇప్పుడు ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఊపిరితిత్తులు బాగున్నాయంటే లేని జబ్బుకి మందు రాయించుకున్న అబద్ధాలకోరుని. బాగాలేవంటే రోగిని. ఇద్దరికీ విమానం ఇవ్వరు. ఆ డాక్టరుని అడుగుదామంటే ఆయన పోయి నాలుగేళ్లు.

జూలై 9

చర్చి నుంచి వచ్చాక భోజనాల దగ్గర చెప్పాను. అమ్మ చేతిలో ఫోర్కు అలాగే ఉండిపోయింది. ప్రాణం నిలిపితే తప్పంటారా అని గోడనడిగింది. తప్పని ఎవరూ అనలేదమ్మా, ఫారం నింపమన్నారు అంతే అన్నాను.

కర్ట్ పళ్లెం ఖాళీ చేశాడు. తర్వాత అన్నాడు: "నీ ఇన్సూరెన్స్ కార్డు నేనే వాడుకున్నానని రాసిస్తాను. నీకు ఆ చలికాలం మామూలు దగ్గొచ్చింది, ఒక్కసారి మందు రాశారు. ఆ తర్వాతవన్నీ నీకు తెలియకుండా నేను తెచ్చుకున్నాను. షాపులో సంతకాలు నావే కదా. ముప్పాతిక నిజమే. నీకు తెలియదన్న ఒక్క ముక్క కలుపుతాను."

వద్దన్నాను.

ఒక్కసారే అన్నాను. రెండోసారి అనలేదు. అమ్మ నా వైపు చూసింది, లేచి పళ్లేలు తీసింది.

జూలై 20

కాగితం ఇవాళ సంతకమైంది. నోటరీ ఉండాలన్నారు. కర్ట్ నలభై మైళ్ల అవతలి పట్నానికి వెళ్దామన్నాడు. నాకు మధ్యాహ్నం డ్యూటీ, కాగితం రేపటికల్లా మేజర్ బల్ల మీద ఉండాలి. మన బ్యాంకులోనే నోటరీ చేసే వెర్నా ఉందిగా, ఐదు నిమిషాల పని అన్నాను. నేనే అన్నాను.

నోటరీ అయినవాళ్లు సంతకం చూస్తే చాలు, కాగితం చదవక్కర్లేదు. వెర్నా చదివింది. పెదాలు కదుపుతూ పై నుంచి కింద దాకా చదివింది. ఆవిడ మొగుడు స్కూలు బోర్డులో సభ్యుడు. బ్యాంకు మెట్లు దిగుతుంటే ఆ సంగతి గుర్తొచ్చింది. కర్ట్‌కి ముందే గుర్తుందనుకుంటాను. పట్నం వెళ్దామన్నది అందుకేనేమో.

ఆగస్టు 5

నా ఫైలుకి పచ్చజెండా. పైలట్ల గదిలో చప్పట్లు. మేజర్ భుజం తట్టి, ప్రతి ఇంట్లోనూ ఒకడుంటాడమ్మా, మా ఇంట్లో మా బావమరిది అన్నాడు. ఇంకొకతను ఆ దొంగకి చిల్లిగవ్వ ఖర్చు లేకుండా మంచి గాలి దొరికిందన్నాడు. అందరూ నవ్వారు.

నేనూ నవ్వాను.

ఆగస్టు 17

స్కూలు వాళ్లు కర్ట్ దగ్గర బస్సు తాళాలు తీసేసుకున్నారు. మోసం చేశానని రాసిచ్చిన మనిషి చేతిలో పిల్లల్ని పెట్టలేరట. ఉద్యోగంతోపాటు ఇన్సూరెన్సూ పోయింది. తిరిగి తిరిగి వాడు ఎనిమిదేళ్ల కిందటి జనవరిలోకే వచ్చిపడ్డాడు, ఈసారి నేను నెట్టాను.

ఆగస్టు 19, శనివారం

చెప్పేద్దామని మేజర్ ఇంటికి వెళ్లాను. కారులో నలభై నిమిషాలూ మాటలు కూడబలుక్కున్నాను. దగ్గింది నేను, రాయించింది నేను, మా అన్న దొంగ కాదు. మూడే వాక్యాలు.

ఆయన పెరట్లో మొక్కజొన్న కాలుస్తున్నాడు. నన్ను చూసి సంతోషపడ్డాడు. భార్యకి పరిచయం చేస్తూ మా కొత్త పైలట్ అన్నాడు. ఆవిడ కుర్చీ వేసింది. చేతికి కంకి ఇచ్చారు, వెన్న రాసి. తేలు కుట్టిన దొంగలా కూర్చుని ఆ కంకి ఒక్క గింజ మిగలకుండా తిన్నాను. ఇటు వైపు ఏ పనిమీద వచ్చావన్నారు. ఊరికే, దారిలో ఆగానన్నాను. ఆ వీధి ఏ ఊరికీ దారి కాదు.

నాకు ఎగరాలని ఉంది. అదే నిజం. సిగ్గుగా ఉంది, అయినా ఎగరాలని ఉంది.

సెప్టెంబర్ 3

కర్ట్ మళ్లీ పైకప్పుల పనికి వెళ్తున్నాడు. అద్దెకున్న గది మెట్ల మీద కూర్చుని ఉన్నాడు, బూట్ల నిండా తారు. ఊపిరి పిల్లిపిల్ల కూతలా వినిపిస్తోంది. పక్కన ఖాళీ ఇన్‌హేలర్. రోజుకి రెండు పీల్పులు పీల్చాల్సింది ఒకటికి తగ్గించాడు, చివరికి అదీ లేదు.

పూర్తి ధర పెట్టి కొత్తది కొని తీసుకెళ్లాను. దాన్ని తీసుకోలేదు. బస్సు గురించి అయితే నేను వెళ్లి స్కూలు వాళ్లతో మాట్లాడతానన్నాను. ఏమని మాట్లాడతావన్నాడు.

అప్పుడు చెప్పాడు. హ్యాంగర్‌లో నాతో పనిచేసే మెకానిక్ ఒకడు వారాంతాల్లో వీడితో పైకప్పుల మీదకి వస్తాడట. పైలట్ల గదిలో ఏమన్నారో అంతా చెప్పాడట.

"బస్సు పోయినందుకు కాదు, బ్రెన్నా. అది నా అంతట నేనే ఇచ్చింది. వాళ్లు దొంగ అంటే నువ్వు నవ్వావట."

నవ్వలేదని అనొచ్చు. ఆ గదిలో వాడు లేడు కదా. అనలేదు, అంతవరకే నా గొప్ప.

వాడు నన్ను పేరు పెట్టి పిలవడం ఎప్పుడో స్కూల్లో చదివే రోజుల తర్వాత ఇదే.

సెప్టెంబర్ 4

ఇన్‌హేలర్ మెట్ల మీద పెట్టి వచ్చాను. ఇవాళ అది మా పోస్టు డబ్బాలో ఉంది.

అక్టోబర్ 11

కర్ట్ ఊరు విడిచి వెళ్లిపోయాడు. పడమటి రాష్ట్రంలో ఎక్కడో, చమురు బావుల దగ్గర పని, మూడు నెలలాగితే అక్కడ ఇన్సూరెన్స్ ఇస్తారట. ఆ మూడు నెలలు వాడేం పీలుస్తాడని అడిగాను. అమ్మ గిన్నెలు తోముతూనే ఉంది.

ఫోన్ నంబరు మార్చాడు. కొత్తది అమ్మ దగ్గరుంది. అడిగితే ఇవ్వలేదు. "ఇయ్యొద్దన్నాడే. వాడికి నేను చేసింది ఒక్కటీ లేదు, ఈ ఒక్కటైనా చెయ్యనీ" అంది.

మా అమ్మ నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అంటే బాగుండు.

అక్టోబర్ 12

శిక్షణ తేదీ వచ్చింది. జనవరి తొమ్మిది.

నవంబర్ 14

పైలట్లని శిక్షణకి పంపేముందు చేసే భద్రతా విచారణ కోసం ఒక పెద్దాయన వచ్చాడు. రెండు గంటల ప్రశ్నలు. చివర్లో మోసం చేశానని రాసిచ్చిన మీ అన్నతో మీకు రాకపోకలు గానీ, మాటలు గానీ ఉన్నాయా అని అడిగాడు.

లేవన్నాను.

మంచిది అని రాసుకున్నాడు. ఇంత లావు ఫైల్లో కర్ట్ గురించి నేను చెప్పిన నిజం అదొక్కటే.