ఏ ఐసు వేయించమంటారు బావగారూ

సస్కటూన్,
12 నవంబరు 2023, ఆదివారం.

గౌరవనీయులు బావగారు త్యాగరాజు గారికి,

మీ బావమరిది జనార్ధనరావు నమస్కారాలు. మేమిక్కడ కులాసా. కాల్గరీలో మీరూ కులాసాగానే ఉన్నారని శ్యామలక్కయ్య చెబితే తెలిసింది. మీరు వెళ్లిన మే నెల నుంచి ఫోన్లు చేస్తున్నాను, మీరు ఎత్తరు. ఉత్తరమైతే చింపేముందు కవరైనా విప్పుతారని ఈ పని పెట్టుకున్నాను.

మన పార్కులో ఈ చలికాలం స్కేటింగ్ రింకు ఎలా వేయించాలో తేల్చమని అసోసియేషన్ వాళ్లు నా నెత్తిన పెట్టారు. ఆరేళ్లు మీరు మోసిన బరువు అది. పిల్లలు జారాలంటే వాళ్ల కాళ్ల కింద ఏముండాలి, అంతే ప్రశ్న. నెల రోజులుగా తిరుగుతున్నాను, నాకు మాత్రం తలా తోకా తెలియడం లేదు.

పైపు పట్టి నీళ్లు పోసి గడ్డ కట్టించే మీ పద్ధతి వద్దని కమిటీలో అందరిదీ ఒకటే మాట. జనవరి సంగతి ఎవరూ మరిచిపోలేదు. స్కేటింగ్ పోటీకి ముందు మీరు వారం రోజులు పొర మీద పొర పోశారు. పోటీ ముందురోజు సాయంత్రం చూడవచ్చినవాళ్లలో మెచ్చుకోనివాళ్లు లేరు. తెల్లారేసరికి ఒక మూల మశూచి మచ్చల్లా గుంటలు. పైన పలచగా మంచు పడింది కాబట్టి ఎవరికీ కనిపించలేదు. కావ్యశ్రీ గారి అమ్మాయి స్వీటీ స్కేటు అందులో దిగబడి, పిల్ల మణికట్టు విరిగింది.

మీటింగులో అందరూ మీమీద పడ్డారు. పోటీ దగ్గరపడిందని ఒకేసారి ఎక్కువ నీళ్లు పోసి ఉంటారని, పైన గడ్డకట్టి లోపల డొల్లగా మిగిలిందని తేల్చేశారు. విత్తనాల ల్యాబులో గింజ గింజా లెక్కపెట్టి పనిచేసే మనిషి మీరు, అలా పోస్తారా అని ఒక్కరూ ఆలోచించలేదు. ఇంటి మనిషివి, నువ్వు చెప్పు అని నన్నడిగారు. బావకి ఈమధ్య తొందర ఎక్కువైందని నేనే అన్నాను. మీరు నా వంక చూశారు, కుళాయి తాళం బల్ల మీద పెట్టి వెళ్లిపోయారు. మేలో కాల్గరీకి బదిలీ అయిందని మీరన్నారు. అక్కయ్య మాత్రం అడిగి వేయించుకున్నారంది.

సరే, రింకు సంగతికి వస్తాను. ముందు ప్లాస్టిక్ రింకు చూడ్డానికి వెళ్లాను. నిజంగానే ప్లాస్టిక్ బావగారూ. తెల్లటి పలకలు, ఒకదాన్లో ఒకటి బిగించుకుంటూ పోవడమే. వంటింట్లో కూరలు తరిగే పలక ఉంటుంది చూడండి, దాదాపు అదే సరుకు. చలి అక్కర్లేదు, నీళ్లక్కర్లేదు, జూలైలో కూడా జారొచ్చని అమ్మేవాడు ఊదరగొట్టాడు. నేను స్కేట్లు కట్టుకుని నిలబడితే రెండడుగులు జారి ఆగిపోయాను. ఐసు మీద పడ్డానికి అలవాటుపడ్డవాణ్ణి, ఆగిపోవడం ఏమిటో అర్థం కాలేదు. మీద నూనెలాంటిదేదో కొట్టాలట. బ్లేడ్లు తొందరగా మొద్దుబారతాయట.

సరదాగా ఉంటుందని స్వీటీనీ వెంట తీసుకెళ్లాను. చెయ్యి పూర్తిగా బాగైంది, కంగారుపడకండి. అది రెండు చుట్లు తిరిగి, ఇది రింకే కాదు అంకుల్ అని ఇంగ్లీషులో ముఖం ముడుచుకుంది. కారులో తిరిగొస్తుంటే, త్యాగరాజు అంకుల్ ఐసు ఎప్పుడని అడిగింది. చెయ్యి విరిగిన పిల్ల అడిగిన మాట అది. నేను ట్రాఫిక్ చూసుకుంటున్నట్టు నటించాను.

తర్వాత ఎరీనాకు వెళ్లాను, పైకప్పు కింద ఐసు కట్టించి గంట చొప్పున అద్దెకిస్తారు కదా, అక్కడికి. ఐసు చూసుకునే అమ్మాయి పేరు రీనా. వాళ్ల పూర్వీకులు మనవాళ్లే, ఫిజీ మీదుగా బ్రిటిష్ కొలంబియాకు వచ్చారు. నమస్కారం, బాగున్నారా, ఆ రెండే వచ్చు, మిగతాదంతా ఇంగ్లీషు. కింద కాంక్రీటు, అందులో సన్నటి పైపులు, వాటిలో గడ్డకట్టనంత ఉప్పగా చేసిన చల్లటి నీళ్లు తిరుగుతుంటాయని చెప్పింది. పైన ఐసు అంగుళం, అంగుళమున్నర కంటే మందం ఉండదట. ఆ తెలుపు కూడా రంగేనట. ఇన్నాళ్లూ ఐసు తెల్లగా ఉంటుందనే అనుకున్నాను.

ఇంటి ముందు మంచు కరగాలని ఉప్పు చల్లుతామే, ఇక్కడ ఉప్పుతోనే ఐసు కట్టిస్తారేమిటని అడిగాను. పైపు లోపల ఉప్పునీళ్లు చలిని మోస్తాయి, అదే ఉప్పు ఐసు పైన పడితే తినేస్తుంది అంది. ఒకే వస్తువు లోపల ఒక పని, పైన ఒక పని. నేను బుర్ర గోక్కుంటుంటే ఆ అమ్మాయి నవ్వింది.

మాటల్లో మన గుంటల సంగతి వచ్చింది. ఫోన్లో ఫోటో ఉంటే చూపించాను. పెద్దది చేసి చాలాసేపు చూసింది. తొందరపడి నీళ్లు పోస్తే పలకలుగా విరుగుతుంది గానీ ఇలా చిల్లులు పడవని, పైన ఎవరో ఏదో చల్లారని చెప్పింది. ఏం చల్లారని అడిగింది. ఏమో తెలియదన్నాను.

ఆ రోజు నుంచి నాకు అన్నం సయించడం లేదు. ప్లాస్టిక్కా, ఎరీనానా, నీళ్లా అని మొదలుపెట్టి ఎటో పోతున్నాను. ఎవర్ని అడిగినా ఒక సలహా ఇస్తారు, ఇంటికొచ్చేసరికి అది మరిచిపోతాను. ఈ విషయంలో నాకు బుద్ధి చెప్పగలవాళ్లు మీరొక్కరే. రెండు ముక్కలు రాయండి. లేదా అక్కయ్యతో చెప్పించండి. తిట్టినా సరే.

అక్కయ్యకు నా నమస్కారాలు.

ఇట్లు,
మీ మాటకు ఎదురుచూస్తున్న
జనార్ధనం

తా.క.: కవరు అంటించబోయి మళ్లీ విప్పాను. ఇన్ని పేజీలు ప్లాస్టిక్ గురించీ పైపుల గురించీ రాశాను గానీ రాయాల్సింది రాయలేదు.

ఆ సాయంత్రం జనం మీ ఐసును పొగిడి వెళ్లాక నాకు గుబులేసింది. ఇన్ని కళ్లు పడ్డాయి, రేపు పిల్లలు ఆడాలి. ఇంటికెళ్లి గుప్పెడు రాళ్ల ఉప్పు తెచ్చి, రింకు చుట్టూ మూడుసార్లు తిరిగి దిష్టి తీశాను. తీసిన ఉప్పు నీళ్లలో కలపాలి కదా. ఆ చలిలో నీళ్లెక్కడివి? ఐసూ నీళ్లే కదా అని ఆ మూలన వేసేశాను.

వారం వారం ఇంటి ముందు ఉప్పు చల్లేవాణ్ణి బావగారూ. దిష్టి ఉప్పు మాత్రం నాకు ఉప్పుగా తోచలేదు. రీనా అడిగేదాకా తట్టలేదనే చెప్పుకుంటున్నాను. కానీ మీటింగులో నా నోరు అంత తొందరగా మీ మీదికి ఎందుకు పోయింది? లోపలెక్కడో అప్పటికే తెలుసేమో. ఎంత తవ్వుకున్నా నాకు తేలడం లేదు, అదే భయంగా ఉంది.

స్వీటీకీ వాళ్లమ్మకూ నిన్న వెళ్లి చెప్పాను. 26న కమిటీ మీటింగు. అందరి ముందు లేచి ఇదే చెబుతాను. మీరు వచ్చినా చెబుతాను, రాకపోయినా చెబుతాను.