రోకలి పలక

1998 డిసెంబర్ 1, మంగళవారం. కిరందుల్ రైల్వే కాలనీ. ఉదయం 5.40

ఒట్టు! ఈ రోజు నుంచి రోజుకో గంట బాస్ గిటార్ సాధన. 24వ తేదీ సాయంత్రం కాలనీలో క్రిస్మస్ ప్రోగ్రామ్. అప్పటిదాకా గిటార్ విప్పను, గీకను, మార్చను. వాయించడం ఒక్కటే!

కారణం కూర్మారావు గారు. మా కాలనీ బ్యాండ్‌కి పెద్ద, కొత్త కీబోర్డుకి యజమాని. నిన్న అందరి ముందూ అనేశారు: "యేసుపాదం, ఎప్పుడూ దాని పేగులు తీసి సూడ్డమే గానీ నువ్వు వాయించిందేటి? ఈపాలి తప్పు పోయిందా, బాసు నా ఎడం సేత్తో నేనే కొట్టేస్తాను. నువ్వు కుర్చీలు సర్దుకుందువు గాని."

కుర్చీలా! పదకొండేళ్ళుగా స్టేజీ మీద ఆ మూల నాది. పట్టాల బిగింపులు చూసే కీమాన్‌ని. రోజంతా సుత్తి భుజాన వేసుకుని ఒంటరిగా నడుస్తాను. నలుగురితో కలిసి నేను చేసే పని అదొక్కటే. ఆ మూల పోతే ఏడుస్తాను, నిజంగా.

డిసెంబర్ 2

65 నిమిషాలు!! "ఇల్లు ఊగిపోతంది, ఇంక ఆపండి" అంది నా భార్య దేవుడమ్మ. మెచ్చుకోలుగానే తీసుకున్నాను.

డిసెంబర్ 4

60 నిమిషాలు. వేళ్ళకి బొబ్బలు. బొబ్బలంటే ఇంత ఇష్టం ఎప్పుడూ కలగలేదు.

డిసెంబర్ 5

విశాఖ నుంచి బావమరిది ఎండు చేపలు పంపాడు. చుట్టిన కాగితాలు ఇంగ్లీషు గిటార్ పత్రికవి! తీగల కింద వేళ్ళు నొక్కే పలక గురించి నాలుగు పేజీలు. చదివితే ఏం పోయింది, చదవడం విప్పడం కాదు కదా.

మేపుల్ చెక్క: గట్టిది. మోత ఖంగుమంటుంది.
రోజ్‌వుడ్: మోత మెత్తన.
ఎబొనీ: నల్లగా, నున్నగా. వేలు పెట్టగానే పలుకుతుందట.
ఫ్రెట్‌లెస్: పలక మీద ఇనుప మెట్లే ఉండవు. వేలు జారితే స్వరం మనిషి గొంతులా జారుతుంది. అబ్బ!
నాది: కలకత్తా సరుకు. ఏం చెక్కో చేసినవాడికే తెలియాలి.

సాధన: 20 నిమిషాలు. తీగలకి చేప వాసన.

డిసెంబర్ 7

నాలుగో పేజీ చివర్లో ఉంది! ఎబొనీ జాతిలోనే మన దేశపు చెట్టొకటి ఉందట. దాని ఆకుతో బీడీలు చుడతారట. తునికి!! మా ఈ బస్తర్‌లో ఎటు చూసినా తునికే! ఇన్నేళ్ళూ ఎబొనీ అడవి మధ్య సుత్తి పట్టుకు తిరిగానన్నమాట.

సాధన: లేదు. ఆ నాలుగో పేజీనే ఆరుసార్లు చదివాను, సంతోషంతో.

డిసెంబర్ 8

మా పట్టాల గ్యాంగులో పనిచేసే హుంగాని అడిగాను. "పచ్చి కర్ర పనికిరాదన్నా. మస్తు ఎండాలె. రెండు మూడు వానలు పోవాలె."

నీరుకారిపోయాను. మళ్ళీ వాడే అన్నాడు: "మా అవ్వ కాడ ఇరిగిన రోకలుంది. తునికి చేవ. నేను పుట్టకముందుది."

హుంగాని ఎత్తి గిరగిరా తిప్పాను. పట్టాల మీదే.

డిసెంబర్ 13, ఆదివారం

హుంగా ఊరు వెళ్ళాను. అవ్వ పేరు హిడ్మే. ఆమె గోండీలో చెప్పింది, హుంగా తెలుగులో చెప్పాడు: "ఊకె ఇయ్యదంట. ఆఖరిసారి దంచినోడే తీస్కపోవాలంట."

విరిగిన రోకలితో, నడుం వంచి, అడ్డెడు వడ్లు దంచాను. ఊరు ఊరంతా వచ్చి చూసింది. "క్రిస్మస్ ఆట రోజు అవ్వ వస్తదంట. తన రోకలి ఎట్ల పాడుతదో ఇంటదంట." తప్పకుండా రమ్మన్నాను!

సాధన: చేతులు పైకి లేవట్లేదు.

డిసెంబర్ 15

ఒట్టులో చిన్న సవరణ. విప్పను అన్నది గిటార్ గురించి. పలక వేరు.

ఇస్త్రీపెట్టెతో కాచి పాత పలక ఊడదీశాను. "నా ఇస్త్రీపెట్టెకి ఈ జిగురేటండీ!" అంది దేవుడమ్మ.

డిసెంబర్ 18

హుంగా, నేను కలిసి రోకలిని నిలువునా కోశాం. లోపల ఎంత నలుపో! రెండు పలకలొచ్చాయి, రెండూ పొట్టివే. ఒకదాని వెనక ఒకటి పెట్టి అతికించాను. మధ్యలో మూడు మిల్లీమీటర్ల సందు వదిలాను. ఎండకి సాగితే చోటుండాలి కదా! ఇరవై ఏళ్ళ రైల్వే అనుభవం మరి. మెట్లు వెయ్యలేదు. ఫ్రెట్‌లెస్!

డిసెంబర్ 21

తీగలు బిగించాను. వేలు జార్చాను. అచ్చం గొంతులా జారుతూ జారుతూ... టక్!

మళ్ళీ జార్చాను. టక్! వేలు సందులో పడుతోంది. హుంగా నేల మీద కూలబడి నవ్వాడు. "అన్నా, గిది గూడ్సుబండే!"

సందు పట్టాలకి కావాలి, పలకకి కాదు. ఇంకో సంగతి. మెట్లు లేకపోయేసరికి ఏ స్వరం ఎక్కడుందో తెలియట్లేదు. సాధన చేసి ఉంటే తెలిసేదేమో.

డిసెంబర్ 23

3 నిమిషాలు. కుర్చీలు కళ్ళ ముందు కనిపిస్తున్నాయి.

డిసెంబర్ 24, రాత్రి 8.00

అయిపోయింది! చెక్క మీద వేలే పెట్టలేదు. నాలుగు తీగలూ ఖాళీగా మీటాను, ఏ పాటకి ఏది నప్పితే అది. ఒక్క తప్పు లేదు! కూర్మారావు గారు నా వీపు తట్టారు. "ఇదిరా సాధనంటే!" నా మూల నాకు దక్కింది! గెంతాను.

గెంతి కిందికి దిగితే ముందు వరసలో హిడ్మే అవ్వ. పొద్దున్నే బయలుదేరి నడిచి వచ్చిందట. "నా రోకలి ఎప్పుడు పాడింది, నాకు ఇనపడలే అంటుంది" అన్నాడు హుంగా.

సిగ్గుతో చచ్చిపోయాను. ఆమె కాళ్ళ దగ్గర కూర్చుని మొదటిసారి ఆ నల్ల చెక్క మీద వేలు పెట్టి జార్చాను. కొంచెం పాడింది. టక్‌మంది. అవ్వ పలక మీద చెయ్యి వేసి ఏదో అంది. "సగం పాడిందంట. మిగిలింది ఎప్పుడు అంటుంది."

నేర్చుకుని ఫిబ్రవరిలో మీ ఊరికే తెస్తానన్నాను.

డిసెంబర్ 26, శనివారం. ఉదయం 5.40

ఒట్టు! రోజుకో గంట. ఈసారి కూర్మారావు గారి కోసం కాదు. సందు ఉంటే ఉండనీ. పలక మార్చను.

వేలు పెట్టాను. తప్పు స్వరం. జరిపాను. అదీ తప్పే. ఇంకా జరిపాను.

"అక్కడ కాదండీ, ఇంకాస్త పైకి!" వంటింట్లోంచి దేవుడమ్మ అరిచింది.

పదకొండేళ్ళుగా వింటోంది. ఏ స్వరం ఎక్కడుందో ఆమెకి తెలుసు!

జరిపాను.

"ఆఁ, అదీ!"