వెండెల్ కొట్టిన దుప్పి

సామన్, ఐడహో
నవంబరు 6

నాన్నా,

నేను కులాసాగానే ఉన్నాను. నువ్వు రాసిన దుర్బిణి మాత్రం కొనలేదు, కోప్పడకు. తుపాకీకి పెట్టే చవకరకాలు రెండు కొట్లో అడిగి తెచ్చి, బిగించి, కంకర క్వారీలో కాల్చి చూశాను. నువ్వు కోరింది పన్నెండింతలు దగ్గరగా చూపిస్తుంది గానీ, పొద్దు వాలితే అందులో అంతా బురదనీళ్లే. పైగా నాలుగు గుళ్లు కాల్చేసరికి గురి జానెడు పక్కకు జరిగింది. రెండోది నాలుగింతలే చూపిస్తుంది, కానీ గురి కదలదు.

మా రంపపుమిల్లులో పనిచేసే వెండెల్‌కి ఇదే చెప్పాను. "అంత దగ్గరగా కనిపిస్తే తగలకేం చేస్తుందోయ్?" అని నవ్వి, పెద్దదే బిగించుకున్నాడు. శనివారం వేటలో అతని గుండు ఒక ఆడదుప్పి పొట్టలో తగిలింది. మంచు మీద నెత్తురు చూసుకుంటూ ఇద్దరం ఆరు గంటలు నడిచాం. అది వాగులో పడి ఉంది, ఇంకా ఊపిరి ఆడుతోంది. వెండెల్ దగ్గరికెళ్లి ఇంకో గుండుతో దాని బాధ తీర్చాడు. "నన్నే చూస్తూ ఉందిరా" అన్నాడు.

చిన్న దుర్బిణి పార్సిల్లో పంపుతున్నాను. మరలు గట్టిగా బిగించు. పొయ్యి పొగగొట్టం దులిపించారా? అమ్మ మోకాలు ఎలా ఉంది? నువ్వు దాచినా, నీ కుడికంటి సంగతి అమ్మ రాసింది. సరిగ్గా కనబడకపోతే కాల్చకు నాన్నా. ఈ నెలాఖర్లో థాంక్స్‌గివింగ్ పండక్కి వస్తాను, వేటకి కలిసే వెళదాం. తుపాకీ నేను పట్టుకుంటాను. దుప్పులు కొండ మీంచి ఎటుగా దిగుతాయో నువ్వు చెప్పాలి, అది నాకింకా తెలియదు.

ఇంట్లో అందరికీ నా ప్రేమ.
లైల్