అమ్మ వేసే ఖాళీ కుర్చీ

వార్సా, 1934 డిసెంబరు 15

ప్రియమైన అమ్మకు,

ఈ క్రిస్మస్‌కి రానంటే జలుబు చేసిందనుకుంటావు. కాదు. రెండేళ్లుగా రాస్తున్న నా పరిశోధన వ్యాసం కూలిపోయింది. ప్రొఫెసర్ గారు అంతా చదివి, చివరి వాక్యం కింద మాత్రం పెన్సిల్‌తో గీత గీసి, "అన్నిటికీ ఇదొక్కటేనా బోగ్నా, దేనిది దానికా?" అని అడిగారు.

మా తర్కంలో తప్పుడు సూత్రాన్ని పట్టుకోవడానికి నిజం, అబద్ధం లాంటి విలువలతో ఒక పరిమితమైన పట్టిక కడతాం. ఏ తప్పుడు సూత్రం ఇచ్చినా దాన్ని పట్టుకునే పట్టిక ఒకటి ఉంటుందని నిరూపించాను. ఆ ఊపులోనే, ఒక పట్టిక ఉంది, అదే తప్పుడు సూత్రాలన్నిటినీ పట్టుకుంటుందని రాసేశాను. మాటలు కాస్త ముందువెనకలైతే ఏమవుతుందనుకున్నాను. నా గదిలో ఉండే హెన్యాకి చెబితే, "ఈ హాస్టల్లో ప్రతి పిల్లకీ మనసులో ఒకడున్నాడు. అయితే అందరం ఒకడి వెంటే పడ్డామంటావా తల్లీ?" అంది. నవ్వాను. తర్వాత ఏడుపొచ్చింది.

నీకు చెప్పనిది ఇంకొకటుంది. చదువు మానేసి, ఓ చిన్న పట్నంలో బడి ఉద్యోగానికి ఒప్పుకున్నాను. ఏ ముఖంతో వచ్చి నీ బల్ల ముందు కూర్చోను?

బోగ్నా

వార్సా, 1935 జనవరి 9

అమ్మా,

"వ్యాసం తప్పితే తిండి మానాలని ఎక్కడుంది, రా" అన్న నీ ఒక్క ముక్కే నన్ను రైలెక్కించింది. ఆ సాయంత్రం నీకు మామూలే కావచ్చు, నాకు కాదు.

క్రిస్మస్ ముందు రాత్రి, మన విందు మొదలుపెట్టే తొలి చుక్క పొడిచింది. అనుకోని అతిథి కోసం ఎప్పట్లాగే ఒక కుర్చీ, ఒక పళ్లెం. ఎవరొచ్చినా మా ఇంట్లో చోటుందని చిన్నప్పట్నుంచీ గొప్పలు పోయేదాన్ని. మంచులో రైలు ఆగిపోయి, ఆ రోజు గుమ్మంలో ఇద్దరు నిలబడ్డారు: ఒక సిపాయి, గంపలో బాతుతో ఒక ముసలమ్మ. నేను ఆ ఒక్క కుర్చీనే చూస్తూ బిగుసుకుపోయాను. నువ్వేమో ముసలమ్మకి ఆ కుర్చీ ఇచ్చి, వంటింట్లోంచి బొగ్గుల బకెట్ తెచ్చి బోర్లించి, దిండు వేసి సిపాయిని కూర్చోబెట్టావు. ఒక్క కుర్చీయే కదా పెట్టావంటే, విసుక్కున్నావు.

"వచ్చినవాళ్లందర్నీ అందులోనే కుక్కేస్తానని ఎప్పుడన్నానే? ఎవరొస్తే వాళ్లకి అప్పుడు చూస్తాం."

తిరుగు రైల్లోనే వ్యాసంలో ఆ చివరి వాక్యం మార్చాను. నిరూపణలో ఒక్క అక్షరం కదల్లేదు. అది మొదట్నుంచీ దేనిది దానికనే చెబుతోంది, నేనే దాని నోట పెద్ద మాట పెట్టాను. ప్రొఫెసర్ గారు చదివి, "చిన్నదయింది. కానీ నిలబడింది. అచ్చుకిద్దాం" అన్నారు. బడికి రానని రాసేశాను.

ఎలా తట్టిందని అడిగారాయన. మా అమ్మ బకెట్ బోర్లించిందండీ అన్నాను. నవ్వుతారనుకున్నాను, నోటు పుస్తకంలో రాసుకున్నారు.

ఆ బకెట్‌ని పారేయకు.

నీ బోగ్నా