పాప పేరులో మొదటి అక్షరం

మార్చి 4
వదిన ఫోన్ పట్టుకుని తిన్నగా నా గదికే వచ్చింది. కొరియాలో ఉన్న వాళ్లమ్మ స్ట్రోక్‌కి ముందు రోజు పంపిన మెయిల్. ఆసుపత్రి ఫోన్ల హడావిడిలో ఇవాళే తెరిచిందట. అందులో పుట్టబోయే పాపకి పేరు ఉంది. కొరియన్‌లో రెండక్షరాలు. రెండోది బాగానే ఉంది. మొదటిదాని చోట ప్రశ్నార్థకం.

ఆవిడని అడుగుదామంటే మాట పడిపోయింది, చెయ్యీ పడిపోయింది. నీ ఉద్యోగమే అది కదా, బాగుచేసి పెట్టు అంది వదిన. సరేనన్నాను. ఎందుకన్నానో.

మార్చి 5, ఉదయం 11
పాత ఫైళ్లలోని అక్షరాల్ని, కంప్యూటర్ వాటిని గుర్తుపట్టే కొత్త కోడ్‌లోకి మార్చడం నా పని. ఇవాళ అది పక్కన పడేసి మెయిల్ ముందేసుకున్నాను.

కొరియన్ అక్షరాన్ని ముక్కలు కలిపి కడతారు, మన గుణింతాలూ ఒత్తుల్లాగే. అలా 11,172 కట్టొచ్చు. పాత కోడ్‌లో మాత్రం ఎక్కువగా వాడే 2,350 అక్షరాల్నే కట్టేసి ఉంచారు. రెడీమేడ్ చొక్కాల కొట్టన్నమాట. మీ సైజు లేకపోతే లేదంతే. ఆవిడ మెయిల్ ప్రోగ్రాం ఆ కాలంనాటిది. తన దగ్గర లేని అక్షరానికి ప్రశ్నార్థకం పెట్టి పంపేసింది. దాని వెనక ఏమీ దాగి లేదు. తవ్వడానికి ఏమీ లేదు.

వదినకి ఏ మొహం పెట్టుకుని చెప్పను?

మార్చి 6
చెప్పేశాను. ఇన్నేళ్లుగా ఆ ఆఫీసులో ఏం ఊడబొడుస్తున్నావని అన్నయ్య ఎగిరిపడ్డాడు. వదిన వాళ్లమ్మ కంప్యూటర్లో దొరకొచ్చన్నాను. వదిన తమ్ముడు ఆవిడ గది సర్దుతూ దాన్ని పాతసామాన్లవాడికి ఇచ్చేశాడట. పాపం, అతనికేం తెలుసు. అయినా తిట్టుకున్నాను.

మార్చి 9
పాత కోడ్‌లో లేని అక్షరాల్లోంచి పేరుకి పనికొచ్చేవి ఏరాను. నలభై దాకా తేలాయి. వదిన వీడియో కాల్‌లో వాళ్లమ్మకి ఒక్కొక్కటే చదివింది, సరైనది వస్తే కళ్లు మూయమని. నాలుగోదానికే మూసింది! వదిన తనకి నిండు నెలలన్న సంగతి మరిచి లేచి నిలబడింది. మళ్లీ అడిగితే మూయలేదు. ఇంకోదానికి మూసింది. తర్వాత అన్నిటికీ మూసింది. అలసిపోయారు, ఇక చాలు అందట నర్సు.

మార్చి 10
ఏడుపొస్తోంది. ఇంకేం చెయ్యాలో తెలియడం లేదు.

మార్చి 17
పాప! ముక్కు మాత్రం అన్నయ్యదే, దాని ఖర్మ.

మార్చి 20
అమ్మమ్మకి ఫోన్లో పాపని చూపించాం. ఆవిడ నోరు తెరిచి ఏదో శబ్దం చేసింది. మళ్లీ అదే. మళ్లీ. పేరు పెట్టి పిలుస్తోందని అందరికీ తెలుస్తోంది. ఏమని పిలుస్తోందో వదినకి కూడా అందలేదు. వదిన నవ్వుతూ కొరియన్‌లో ఏదో బదులు చెప్పింది. ఏమన్నావని తర్వాత అడిగాను. అవునమ్మా, అదే పెట్టాం అందట.

మేమింకా ఏమీ పెట్టలేదు.